కోడితో పాటు ఉపాసం

రాయచూరు జిల్లాలో గోరేబాళ దాటి కాలువ గట్టు పట్టుకొని పోతే రేకుల క్యాంపు ఒకటి వస్తుంది. కాలువ తవ్వే రోజుల్లో ఇంజనీర్ల కోసం కట్టిన ఇళ్ళవి. పని అయిపోయి ఇంజనీర్లు వెళ్ళిపోయాక ఆ ఇళ్ళను కుష్టు దవాఖానగా మార్చారు. నీళ్ళు పారిన చోటల్లా వరి వచ్చింది, వరి వెనకాలే కోస్తా రైతులొచ్చారు, మిల్లులొచ్చాయి. ఈ క్యాంపుకు మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. బస్సుకు కూడా అక్కడ ఆగడం ఇష్టం లేక ఒక ఫర్లాంగు ముందుకు పోయి ఆగేది. అలాంటి చోట సుంకవ్వ ఇరవై రెండు కోళ్ళను సాకుతూ, వాటికి పేర్లు పెట్టి, పొద్దస్తమానం వాటిని తిడుతూ బతికేది.

సుంకవ్వది ఇడపనూరు. పెళ్ళయిన ఆరో ఏట కుడి మోచేతి కింద రూపాయంత మచ్చ కనబడింది. తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి మెల్లగా అరచేతిలోకి వంగిపోయాయి. ఒకనాడు రొట్టెలు కాలుస్తూ పెనం అంచుకు చెయ్యి ఆనించింది. కమురు వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఆ వాసన అత్త ముక్కుకు ముందు తగిలింది. మర్నాడు తెల్లవారకముందే బండి కట్టించి పంపేశారు. మొగుడు యంకప్ప గడప దాటి బయటికి కూడా రాలేదు.

అయినా ఎనిమిదేళ్ళ తర్వాత కూడా సుంకవ్వ తలచుకొని ఏడ్చేది చేతి గురించి కాదు, మొగుడి గురించి అంతకన్నా కాదు. "ఆ పొద్దు నాకు బుక్కెడు బువ్వ పెట్టకుంట ఎల్లగొట్టిండ్రు" అనేది, అదొక్కటే. నన్నడిగితే అది అడగదగిన మాటే. రోగానికి భయపడ్డారంటే సరే అనుకుందాం. రాత్రి మిగిలిన రొట్టెకేం రోగం?

క్యాంపులో ఐదేళ్ళు మాత్రలు మింగింది. రోగం పోయిందని డాక్టర్లు కాగితం రాసి ఇచ్చారు. ఆ కాగితం కొంగున కట్టుకొని, బుట్టెడు గుడ్లతో మస్కి సంతకు పోయి కూర్చుంది. ఒకావిడ గుడ్డు చేతికి తీసుకొని, సుంకవ్వ వేళ్ళు చూసి, గుడ్డు కింద పెట్టి చెయ్యి తుడుచుకుంది. కాగితం తీసి చూపిద్దామంటే ఆవిడకు చదువు రాదు, సుంకవ్వకూ రాదు. రోగం పోయినా ఆ రెండు వేళ్ళు ఊరంతా చాటింపు వేస్తూనే ఉన్నాయి. సుంకవ్వ మళ్ళీ సంతకు పోలేదు. క్యాంపులోనే కోళ్ళతో ఉండిపోయింది.

డెబ్భై రెండులో కమలాక్షి అనే డాక్టరమ్మ వచ్చింది. రాయచూరు బజారులో బట్టల కొట్టున్న పాండురంగయ్య కూతురు. ముప్పై దాటినా పెళ్ళి మాట ఎత్తనివ్వదని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ పాండురంగయ్య చెప్పుకొని బాధపడేవాడట. ఆమె బొంబాయిలో రెండేళ్ళుండి, బతికున్న నరాన్ని ఒంటి బయట పెంచే విద్య నేర్చుకొని వచ్చింది. కుష్టు పురుగు నరంలోనే దాక్కొని దాన్ని తినేస్తుంది. అక్కడ అది ఏం చేస్తుందో చూడాలంటే ముందు బతికున్న నరం కళ్ళెదుట ఉండాలి. మనిషిని కోసి చూడలేం కనుక, పొదిగిన గుడ్డులో పెరుగుతున్న కోడిపిల్ల నరం తీసుకుంటారు. అందుకే ఆమె క్యాంపులో దిగిన మర్నాడే కోళ్ళ దొడ్డి ముందు నిలబడింది.

"నాకు గుడ్లు గావాలె, సుంకవ్వా. పెట్ట కింద ఎనిమిది దినాలు పొదిగినయి" అంది.

సుంకవ్వ చెయ్యి కొంగు కింద దాచుకుంది. "ఎవలికి?"

"నాకే. ఇట్ల తే." డాక్టరమ్మ అరచెయ్యి చాపింది.

సుంకవ్వ గుడ్డు తెచ్చి గంప మీద పెట్టబోయింది. చాపిన చెయ్యి అలాగే ఉంది. చివరికి ఆ అరచేతిలోనే పెట్టాల్సి వచ్చింది. డాక్టరమ్మ గుడ్డును సూర్యుడి వైపు పట్టి, ఒక కన్ను మూసి చూస్తూ, ఏమీ కనబడక విసుక్కుంది. అది చూసి సుంకవ్వకు నవ్వొచ్చింది. గుడ్డు తీసుకొని ఆమెను తన గుడిసెలోకి పిలిచింది. ఆ తలుపుకు గుడ్డు పట్టేంత కంత ఉండేది. తలుపు మూసి, ఆ కంతలో గుడ్డు ఆనించి, లోపల చీకట్లో నిలబడి చూస్తే గుడ్డంతా ఎర్రగా వెలిగి, నడుమ సాలీడులా రక్తపు దారాలు కనిపిస్తాయి. దారాలుంటే బతికున్నట్టు, లేకపోతే మురిగినట్టు. గుడ్ల మీద దినానికొక బొగ్గు చుక్క పెట్టి, ఎనిమిది చుక్కల గుడ్డు ఏదో చెప్పేది. గుడ్లిచ్చినా, ప్రతి పెట్ట కిందా మూడు మాత్రం ముట్టనిచ్చేది కాదు. దాని పిల్లలు దానికి కావద్దా అనేది.

గుడ్లతో మొదలై, తర్వాత గాజుసామాను కడిగే పని కూడా ఆమెకే వచ్చింది. గది మూలన నిలబడి అన్నీ చూసేది. మొదట్లో డాక్టరమ్మ ఆవగింజలో సగమంత నరపు ముక్క తీసి గాజు పలక మీద పెట్టేది. రెండు రోజులకు అది ముడుచుకొని చచ్చిపోయేది.

"గాజు మీద నరం నేల మీద పడ్డ బీర తీగె అసుమంటిది, సుంకవ్వా. జర దూరం పాకి ఎండిపోతది" అని చెప్పిందొకసారి. "దానికి పందిరి గావాలె. పైకి, కిందికి, పక్కలకు పట్టుకొనేటందుకు ఏదన్న ఉంటేనే ఒంట్ల ఉన్నట్టు పెరుగుతది."

ఆ పందిరి పుంజు రక్తంతో వస్తుంది. పుంజు రెక్క కింద సూదితో కొంచెం రక్తం తీసి, మిషనులో గిర్రున తిప్పితే ఎర్రదనం అడుగుకు దిగి పైన తేట మిగులుతుంది. ఆ తేటలో నరపు ముక్క ఉంచి, గుడ్డులోని పిల్లను నలిపి తీసిన రసం ఒక చుక్క కలిపితే నిమిషంలో జున్నులా గట్టిపడుతుంది. నరం ఆ జున్ను లోపల అన్ని దిక్కులకూ పెరగాలి. పెరగలేదు. జున్ను పగిలిపోయేది. ఒక వారం అలా చూసి చూసి సుంకవ్వ ఇక ఊరుకోలేకపోయింది.

"ఇది పెరుగు తోడేసినట్టే గదా, డాక్టరమ్మా. తోడేసినంక గిన్నె కదిలిస్తరా ఎవలన్న? మీరు చుక్క ఏసుడే ఆలస్యం, ఎత్తుకపోయి ఆ వెచ్చటి పెట్టెల పెడ్తున్నరు."

డాక్టరమ్మ చేతిలోని పలకను మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. ఆ రోజు నుంచి పలకలను జున్ను గట్టిపడేదాకా బల్ల మీదే కదపకుండా వదిలేసేది. నాలుగో ప్రయత్నంలో నరపు ముక్క అంచు నుంచి సన్నటి పోగులు బయటికొచ్చాయి. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, పంచాంగం చూసి పూజ చేసే ఇంటి ఆడపిల్ల అన్న సంగతి మరచిపోయి, గదంతా ఎగిరింది.

ఇంతవరకూ బాగుంది. అప్పట్లో పుంజును చూసేవాడు ఉలిగప్ప అనే కాంపౌండరు. దీపావళి తర్వాత అతనికి కాలువ ఆఫీసులో నౌకరి దొరికి వెళ్ళిపోయాడు. పుంజు పేరు రంగా. ఎర్రటి మెడ, నల్ల తోక, దొరలాంటి నడక. దాన్ని చూసే పని సుంకవ్వకు అప్పగిస్తూ డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. రక్తం తీసే ముందురోజు సాయంత్రం నుంచి ఉపాసం ఉంచాలె, నీళ్ళు తప్ప ఏం పెట్టొద్దు.

ఉపాసమంటే సుంకవ్వకు తెలియనిదా? శనివారం, ఏకాదశి, అమ్మవారి మొక్కులు, అన్నీ చేసింది. సాయంత్రం రంగాను గంప కింద మూసేది. దాని ముందే కూర్చొని, ఒక్క గింజ పడలేదని చూసుకొని, అప్పుడు తన గుడిసెకు పోయేది.

ఆ నెల నుంచే జున్ను పాడైంది. మబ్బుగా ఉండేది, గట్టిపడేది కాదు, రెండో రోజుకే కరిగి నీళ్ళయ్యేది. లోపల నరం ఉందో లేదో మైక్రోస్కోపుకు కూడా కనిపించేది కాదు. డాక్టరమ్మ నీళ్ళు మార్చింది, మందులు మార్చింది, పెట్టె వేడి మార్చింది. పుంజు సంగతి కూడా అడగకపోలేదు.

"రాత్రి ఏం పెట్టలేదు గదా?"

"రాత్రి ఒక్క గింజ పెట్టలే, ఎల్లమ్మ తోడు" అంది సుంకవ్వ. నిజమే చెప్పింది.

ఫిబ్రవరిలో బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పనికి సాయం చేస్తున్న పెద్ద డాక్టరు ఉగాదికి ముందు స్వయంగా వస్తాడు. పెరుగుతున్న నరం చూపిస్తే గది ఉంటుంది. లేకపోతే మూసేసి, సామాను బొంబాయికి, డాక్టరమ్మ రాయచూరు పెద్ద దవాఖానకు. ఆ ఉత్తరం డాక్టరమ్మ సుంకవ్వకు చదివి వినిపించింది. ఆ గది మూస్తే తన చేతి నుంచి గుడ్డు అందుకునే చెయ్యి ఈ లోకంలో ఇంకొకటి లేదని సుంకవ్వకు తెలుసు.

మార్చి మొదట్లో ఒకరోజు డాక్టరమ్మ తల వంచుకొని అంది. "సుంకవ్వా, రెండు దినాలు గాజుసామాను దవాఖాన ఊడ్చే బసవ్వ కడుగుతది."

ఎందుకని సుంకవ్వ అడగలేదు. అడగాల్సిన పనేముంది? గాజు మీద సబ్బు జిడ్డు మిగిలితే నరం చస్తుంది. జిడ్డు పోయిందో లేదో వేళ్ళకే తెలియాలి. ఆమె వేళ్ళలో రెండింటికి ఏమీ తెలియదు. నేనే పాడు చేస్తున్న, నా చెయ్యే పాడు చేస్తున్నది అనుకుంటూ దొడ్డిలో కూర్చుంది. ఆ రోజంతా ఆమె కోళ్ళను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అవి కూడా బెదిరినట్టు దగ్గరికి రాలేదు. మర్నాడు రంగా రక్తం తీసే రోజు. తెల్లవారగానే గంప ఎత్తి, దాన్ని ఒళ్ళో పెట్టుకొని, "నువ్వన్న తినుర బిడ్డా" అని ఎప్పటికన్నా ఎక్కువే తినిపించింది.

తొమ్మిదింటికి డాక్టరమ్మ రక్తం తీసి మిషను తిప్పింది. గొట్టం బయటికి తీసి వెలుతురుకు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. పైన తేట లేదు. మజ్జిగ ఉంది. బసవ్వ గాజు కడిగిన మొదటి రోజే ఎప్పుడూ లేనంత తెల్లటి మజ్జిగ.

"గాజుది గాదు తప్పు" అంది మెల్లగా. "ఇది తిన్న కోడి రక్తం. కొవ్వు తేలింది. సుంకవ్వా, ఈ పుంజు ఏమన్న తిన్నదా?"

గంప కింద ఎలుక దూరి గింజలు పడేసిందనవచ్చు. పుంజు మట్టిలో ఏదో ఏరుకుందనవచ్చు. నమ్మడానికి అవతలి మనిషి సిద్ధంగానే ఉంది. సుంకవ్వ గుమ్మం పట్టుకొని నిలబడింది.

"తిన్నది, డాక్టరమ్మా. నేనే పెట్టిన."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. ఉపాసం తెల్లారితే ఇడుస్తం గదా? జొన్నలు, బుడ్డల చెక్క కలిపి పెడ్త. ప్రతిసారి గట్లనే పెడ్తున్న."

బుడ్డలంటే వేరుశనగలు. గానుగ ఆడాక కూడా వాటి చెక్కలో నూనె మిగిలే ఉంటుంది. డాక్టరమ్మ గొట్టం బల్ల మీద పెట్టిన చప్పుడుకు బసవ్వ బయటికి పారిపోయింది.

"నాలుగు నెలలు, సుంకవ్వా! నాలుగు నెలలు నేను పరేషాన్ అయి తిండి నిద్ర లేకుంట తిరుగుతున్న! రక్తం తీసేదాక పెట్టొద్దని..." అని, మాట మధ్యలో ఆగింది. తను చెప్పింది ఉపాసం ఉంచమనే. ఎప్పటిదాకా అన్నది చెప్పనేలేదు. ఉలిగప్ప ముందే చూసినవాడు కనుక అతనికి చెప్పాల్సిన పని పడలేదు.

"తప్పయింది" అంది సుంకవ్వ. ఏడుస్తోంది. "సూది గుచ్చి రక్తం గుంజుకొనేటప్పుడు కడుపుల ఏం లేకుంట పంపుడు నా చేతుల కాలే. నన్ను గట్ల పంపిండ్రు, డాక్టరమ్మా. ఆ ఆకలి నాకు ఎరికే."

డాక్టరమ్మ ఆ మజ్జిగ గొట్టాన్ని తొట్టిలో ఒంపేసింది. కోపం వచ్చిందని దాచలేదు, పోయిందని కూడా దాచలేదు. వచ్చి సుంకవ్వ కుడిచెయ్యి పట్టుకుంది.

"తప్పు సగం నాది. నీ చెయ్యిని అనుమానపడ్డది మాత్రం పూరా నాదే" అంది. "బొంబాయి ఆయన వచ్చేటందుకు ఇంక పది దినాలుంది. ఒక్కసారి సరిగ్గ చేద్దాం. సాయంత్రం మూస్తే మళ్ళ రక్తం తీసినంకనే గింజ."

"నాతోని గాదు. పొద్దుగాల నన్ను జూసి కూస్తది. బసవ్వకు చెప్పుండ్రి."

"నువ్వే ఉండాలె. నువ్వు లేకుంటే అది బెదురుతది."

సుంకవ్వ ముక్కు తుడుచుకుంది. తర్వాత అంది. "అయితే నేను గూడ తినను. నేను తిని దాన్ని పస్తు పెడితే, అది ఎల్లగొట్టినట్టు. ఇద్దరం తినకుంటే ఉపాసం."

డాక్టరమ్మ చదివిన పుస్తకాల్లో ఇది లేదు. అయినా ఒప్పుకుంది.

వారం తర్వాత ఒక సాయంత్రం రంగా గంప కిందికి పోయింది. సుంకవ్వ పొయ్యి వెలిగించలేదు. తెల్లవారి రంగా గంపను ముక్కుతో పొడుస్తూ గొడవ చేస్తే, "నోర్ముయ్, నేను మాత్రం తిన్ననా ఏంది?" అని తిట్టింది. చాలా రోజుల తర్వాత తిట్టింది. తొమ్మిదింటికి దాన్ని చంకలో పెట్టుకొని గదిలోకి తీసుకొచ్చింది. గాజుసామాను ముందురోజే మళ్ళీ తన చేత్తో కడిగి ఆరబెట్టింది.

గొట్టం బయటికొచ్చింది. పైన ఉన్నది లేత గడ్డి రంగులో, అవతల పట్టిన వేలు కనిపించేంత తేట. డాక్టరమ్మ నరపు ముక్కలు ఉంచి, రసం చుక్క వేసి, చేతులు కట్టుకొని కూర్చుంది. పలకను ఎవరూ కదపలేదు. నిమిషం దాటేసరికి గాజంత తేటగా జున్ను గట్టిపడింది.

సుంకవ్వ మొదట రంగాకు పెట్టింది. అది కడుపు నిండా తిని నీళ్ళు తాగాక, రొట్టె చేసుకోవడానికి కూర్చుంది. పెనం దగ్గర చెయ్యి ఎక్కడుందో కళ్ళతో చూసుకుంటూ రొట్టె తిప్పడం ఆమెకు అలవాటైపోయింది. గుమ్మంలో డాక్టరమ్మ కనిపించింది.

"నాకు గూడ ఒకటి ఎయ్యి. రాత్రి నుంచి చాయ గూడ తాగలే" అంది.

"మీరెందుకు?"

"మీరిద్దరు తినకుంటే నేనెట్ల తింట?"

సుంకవ్వ రొట్టె తీసి, పుంటికూర పచ్చడి వేసి ఇచ్చింది. ఆమె చేత్తో కాల్చిన రొట్టె క్యాంపు బయటి మనిషి తినడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. బట్టల కొట్టు పాండురంగయ్య చూసి ఉంటే ఏమనేవాడో కాని, ఆయన కూతురు రెండు తిన్నది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గర నుంచి కేకేసింది. "మొలిచింది, సుంకవ్వా! రా, చూడు!"

సుంకవ్వ రానంది. పొదుగుతున్న పెట్టను లేపి కింద ఏముందో చూసే అలవాటు ఆమె ఇంటావంటా లేదు. బొంబాయి ఆయన చూశాకే చూస్తానని గుమ్మం దగ్గరే కూర్చుంది.

ఆయన మూడో రోజు జీపులో వచ్చాడు. పొడుగ్గా, తెల్లజుట్టుతో, ఎక్కువ మాట్లాడని మనిషి. మైక్రోస్కోపులోకి వంగి చూశాడు. మర తిప్పుతూ చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పుతూ చూశాడు. గుమ్మం దగ్గర కూర్చున్న సుంకవ్వ లేచి నిలబడింది. చివరికి ఆయన తలెత్తి, ఉర్దూలో, గది ఇంకో రెండేళ్ళు ఉంటుందన్నాడు. తర్వాత, ఇంత తేటైన జున్ను బొంబాయిలో తమకే కుదరడం లేదు, పుంజును ఎంతసేపు ఉపవాసం ఉంచుతారని అడిగాడు.

"ఈమె ఎంతసేపు ఉంటే అంతసేపు" అంది డాక్టరమ్మ సుంకవ్వను చూపిస్తూ. సంగతంతా చెప్పింది. ఆయన నవ్వలేదు. లేచి, తను కూర్చున్న స్టూలు సుంకవ్వ ముందుకు జరిపాడు.

సుంకవ్వ వంగింది. మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. డాక్టరమ్మ ఆమె బొటనవేలు, చూపుడువేలు మర మీద పెట్టించింది. ఆ రెండు వేళ్ళూ బాగున్నవే. కొంచెం తిప్పగానే నల్లటి ముద్ద ఒకటి, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి పోగులు. ఇంకొంచెం తిప్పింది. ఆ పోగులు మాయమై వాటి కింద వేరే పోగులు తేలాయి. ఇంకా తిప్పింది. ఇంకా కింద ఇంకొన్ని, ఒకదాని మీదుగా ఒకటి, జున్ను లోతు లోపలికి.

"అవ్వో! ఇది కింద గూడ ఉన్నది! అన్ని దిక్కుల పోతున్నది!"

చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా అడిగింది. "డాక్టరమ్మా, నా చెయ్యిల గూడ ఇట్ల మొలుస్తదా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "నీ చెయ్యిల మొలవదు, సుంకవ్వా. చాన ఏండ్లయింది. ఇంక మీద మచ్చ పడంగనే వచ్చేటోళ్ళ చేతులు కాపాడొచ్చు. అది ఎట్లనో ఇది చెప్తదని నా ఆశ."

సుంకవ్వ కాసేపు తన వంగిన వేళ్ళ వైపు చూసుకుంది. ఏడవలేదు. మళ్ళీ మైక్రోస్కోపులోకి వంగి అడిగింది.

"పోనీ తియ్యుండ్రి. గిది మూడు దినాల సంది ఉన్నది గదా. ఏం తింటది?"

"గుడ్డు పిల్ల రసమే. రెండు దినాలకొకసారి ఒక చుక్క పెట్టాలె. మేం గూడ దాన్ని తిండి పెట్టుడనే అంటం."

"అయితే ఇయ్యాల పెట్టాలె గదా!" సుంకవ్వ స్టూలు మీద నుంచి లేచింది. "దీనికి ఉపాసం ఏం లేదు గదా?"

"లేదు. దీనికి ఎన్నడు లేదు."

డాక్టరమ్మ సన్నటి గాజు గొట్టంలోకి రసం తీసి, సుంకవ్వ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది. బొంబాయి ఆయన వంగి చూస్తున్నాడు. సుంకవ్వ మొద్దువేళ్ళు రెండింటినీ బల్లకు ఆనించి చెయ్యి కదలకుండా నిలిపి, తోడు వేసినట్టు ఒక్క చుక్క వదిలింది. "తిను బిడ్డా" అంది. ఆ రోజు నుంచి ఆ గదిలో తిండి పెట్టే పని సుంకవ్వది.